మా బావ ఎప్పుడూ అవతలి పక్కే

మా బావ బుల్లబ్బాయి తన జన్మలో జనం ఉన్న పక్కన నిలబడలేదు. నలుగురు ఎడం పక్క ఉంటే ఆయన కుడి పక్క. ఆ నలుగురూ కుడి పక్కకి వస్తే మా బావ ఎడం పక్కకి ప్రయాణం. ఎందుకయ్యా అంటే ఒకటే మాట. "అందరూ ఒకే పక్కన చేరితే ఒరిగిపోద్దండి."

నరసాపురం రేవులో ముప్ఫై నాలుగేళ్ళు పంటు మీద సరంగుగా చేశాడు. లారీలు, గేదెలు, పెళ్ళివారు ఎవరెక్కినా సమంగా సర్ది గోదావరి దాటించాడు. అంతవరకు బాగానే ఉంది. రిటైరయ్యాక పంటు రేవులో ఉండిపోయింది, తూకం మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేసింది.

బస్సెక్కితే కండక్టరు కంటే ముందు ఈయన లేస్తాడు. "అమ్మా, తవరు కొంచెం ఇటొస్తారా? ఈ పక్క తేలిగ్గా ఉందండి." ఒకసారి తణుకు బస్సులో ఒక లావుపాటి ఆవిణ్ణి మూడు సీట్లు మార్పించి, నాలుగోసారి తిట్లు తిన్నాడు. తిట్లు కూడా తను కూర్చోబెట్టిన పక్క నుంచే వచ్చాయని తృప్తిపడ్డాడు.

మా అమ్మాయి పెళ్ళిలో మగపెళ్ళివారు పలచగా వచ్చారు. మా బావ తిన్నగా వెళ్ళి వాళ్ళ మధ్యన కూర్చున్నాడు. వాళ్ళలో ఒక పెద్దాయన అడిగాడు, "మీరు ఎవరి తరఫండి?"

"తక్కువున్న తరఫండి."

నేను రెండుసార్లు సర్పంచిగా గెలిచాను. చదివింది ఎనిమిదో తరగతే అయినా ఊరికి సిమెంటు రోడ్డు, మంచినీళ్ళ ట్యాంకు తెచ్చింది నేనే. రెండోసారి నాలుగు వందల పన్నెండు ఓట్ల మెజారిటీ. నాకు పడని ఓట్లలో ఒకటి ఎవరిదో నాకు కచ్చితంగా తెలుసు. ఆయనే ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ చెప్పాడు. "అన్నీ మీకే పడితే ఊరు ఒరిగిపోద్ది కదండి బావగారూ."

పోయినేడు రొయ్య బాగా పండింది. నా చేతి మీద నడిచే చెరువులు పధ్నాలుగు. కుటుంబాన్ని ఎక్కడికైనా తీసుకెళ్దామని మా బావ కూతురు వీరదుర్గని సలహా అడిగాను. హైస్కూలు టీచరు. "అలాస్కా వెళ్దాం మావయ్యా. సముద్రంలోకి దిగే మంచునదులు, తిమింగలాలు" అంది. టూరు వాళ్ళకి నలుగురి పేర్లిచ్చాను. నేను, వీరదుర్గ, మా చెల్లెలు సత్యకుమారి, ఆవిడ మొగుడైన ఈ తూకం మనిషి.

బయల్దేరే ముందు సత్యకుమారి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యా, పెళ్ళయి నలభై ఏళ్ళు. పుష్కరాలకెళ్ళినా, పాపికొండలకెళ్ళినా నేనోపక్క, ఆయనోపక్క. ఒక్క ఫొటోలో ఇద్దరం లేం. ఆ మంచుకొండ విరిగి నీళ్ళలో పడతదంట కదా. అదొక్కటి ఆయన పక్కన నిలబడి చూడాలి. నువ్వే ఏదోటి చెయ్యి."

"ఊరికి ట్యాంకు తెచ్చినోణ్ణి, బావని ఈ పక్కకి తేలేనా" అన్నాను.

అలాస్కా రేవులో లాంచీ ఎక్కాం. నూట ఇరవై మంది. చలికి నా రెండు స్వెట్టర్లూ ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటున్నాయి తప్ప నన్ను పట్టించుకోవడం లేదు. అయినా ఆ ఉత్సాహం ముందు చలెంత. మైకులో ఏదో చెప్పారు. వీరదుర్గ ఎగిరి గంతేసింది. "ఎడం పక్క తిమింగలం మావయ్యా."

నూట పంతొమ్మిది మంది ఎడం పక్కకి పరిగెత్తాం. మా కాలవ వంతెనంత వీపు నీళ్ళలోంచి లేచింది, తోక విప్పింది, మునిగింది. సత్యకుమారి నా చెయ్యి నలిపేస్తూ వెనక్కి చూసింది. మా బావ కుడి పక్క కమ్మీ పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, లాంచీ అంతా తనే మోస్తున్నట్టు నిలబడ్డాడు.

కాసేపటికి కుడి పక్క నీటికుక్కలన్నారు. మన కోరింగ మడ అడవుల్లో ఉండేవాటికి పెద్దన్నల్లా ఉన్నాయి. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద పీత పెట్టుకుని భోంచేస్తున్నాయి. అందరం కుడి పక్కకొచ్చాం. మా బావ మాకు ఎదురొచ్చి ఎడం పక్కకి వెళ్ళిపోయాడు.

"నాన్నా, ఇది ఇనప లాంచీ. ఒరగదు" అంది వీరదుర్గ.

"ఒరగదనే అందరూ అనుకుంటారమ్మా."

చివరికి మంచునది ముందు ఆగాం. నీలం రంగు గోడ, నిడదవోలు స్టేషనంత పొడవు. లోపల్నుంచి ఉరుముతోంది. ఇరవై నిమిషాలు ఆగి వెళ్ళిపోతామన్నారు. జనమంతా ఆ పక్కే. సత్యకుమారి తన పక్కన మనిషి పట్టేంత చోటు మోచేతులతో కాపాడుతోంది. చోటు ఖాళీగానే ఉంది.

నేను లాంచీ మధ్యనున్న గదులు చుట్టుకుని అవతలికి వెళ్ళాను. "నీకేం మనసు లేదా బావా? అది నీకోసం చోటు పట్టుకుని నిలబడింది."

"నేను ఇక్కడుండబట్టే కదండి అది అక్కడ ధైర్యంగా నిలబడింది."

"అంటే?"

"పెళ్ళయ్యాక మొదటిసారి పడవ ఎక్కనని రేవులో కూర్చుంది కదండి. వణికిపోతంది. నువ్వు ఏ పక్క కూర్చుంటే నేను రెండో పక్కుంటాను, నీ పక్క మునగదు అని మాటిచ్చాను. అప్పుడెక్కింది."

చిన్నప్పుడు మా చెల్లి పడవలోంచి పడిపోయింది. రేవు పక్కన పుట్టి కూడా మళ్ళీ పడవ ముట్టలేదు. పెళ్ళయ్యాక జంకు లేకుండా గోదావరి దాటుతుంటే, నేను నూరిపోసిన ధైర్యమేనని ఊరందరికీ చెప్పుకున్నాను.

"దానికి ఆ భయం ఎప్పుడో పోయింది బావా."

మా బావ నా మొహంలోకి చూశాడు. "మరి నాకెవరూ చెప్పలేదండి."

మళ్ళీ ఉరిమింది. టైము లేదు. "నువ్వెళ్ళు. ఇక్కడ నేనుంటాను" అన్నాను.

ఆయన కదల్లేదు. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "తవరు ఎన్ని కిలోలండి?"

"తొంభై మూడు."

"నేను అరవై ఒకటి." పెదాలు కదిలించుకున్నాడు. "ముప్ఫై రెండు కిలోలు లాభమేనండి." వెళ్ళాడు. నా బరువు ఒకరికి నచ్చడం అదే మొదలు.

తర్వాత ఫిరంగి పేలినట్టు చప్పుడు. జనం కేక. ఆ కేకల్లో మా చెల్లి నవ్వు నాకు విడిగా వినిపించింది. గదులు అడ్డం, నాకేమీ కనపడలేదు. అల వచ్చి లాంచీ ఊగింది. అవతల్నుంచి మా బావ గొంతు: "బావగారూ, కదలకండి." కదల్లేదు.

కాసేపటికి ఇద్దరూ వచ్చారు. సత్యకుమారి ఆయన స్వెట్టరు చెయ్యి వదలడం లేదు. మా బావ కళ్ళు ఇంకా పెద్దవిగానే ఉన్నాయి.

"ఇటేం కనపడిందండి?" అన్నాడు.

"ఏముంది, నీళ్ళు."

"బాగుంటాయండి."

అప్పుడే మైకు పలికింది. నేనున్న పక్క మంచుపలక మీద సీల్‌ పిల్లలంట. జనం ఇటు పరుగు. మా బావ అలవాటుగా అడుగు వెయ్యబోయాడు, చెల్లి వదల్లేదు. ఆయన నా వైపు చూశాడు. చూడక్కర్లేదు. నా తొంభై మూడు కిలోలూ అప్పటికే అవతలి పక్కకి నడుస్తున్నాయి.