విచారణ కౌంటరు పిన్నిగారు, నా శనివారం ఉత్తరం

సోమవారం పొద్దున బాపట్ల నుంచి ఫోను వచ్చింది. "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందక్కా" అంది ఆవిడ కూతురు. తెనాలిలో మా పక్క వాటాలో ఉండే పిన్నిగారు ఇక లేరు. గుండెకు వైద్యం చేయించుకోవడానికి కూతురి దగ్గరికి వెళ్లి మూడు వారాలు కూడా కాలేదు. అందుకే ఈ శనివారం ఉత్తరంలో కుండీల కబుర్లు పెద్దగా లేవు. మీలో చాలామంది నెట్‌లో ఏదో వెతుకుతూ ఈ ఉత్తరం దాకా వచ్చారు. ఆ దారి వేయించింది పిన్నిగారే. ఆవిడ గురించి మీకు చెప్పకపోతే నాకు తోచేలా లేదు.

పిన్నిగారు బస్సు స్టాండులో విచారణ కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒక చిన్న కిటికీ వెనక కూర్చుని, జనం అడిగినవాటికి జవాబులు చెప్పడమే. నేను సైన్సు టీచరు పని మానేసి, డాబాల మీద మొక్కలు పెంచేవాళ్లకు వారం వారం ఈమెయిల్లో ఉత్తరం పంపడం మొదలుపెట్టినప్పుడు నా పాఠకుల్లో సగం మంది మా చుట్టాలు. మిగతా సగం వాళ్లు బతిమాలి చేర్పించినవాళ్లు. "బస్సు నిండిందా అమ్మాయ్?" అని పిన్నిగారు పొద్దున్నే గోడ మీదుగా పలకరించేవారు. ఏడాదైనా నిండలేదు. మళ్లీ టీచరు ఉద్యోగానికి దరఖాస్తు రాసి బల్ల మీద పెట్టుకున్నాను.

పంపే ముందు ఆఖరి ప్రయత్నం ఒకటి చేశాను. నెట్‌లో వెతికేవాళ్లకు మన పేజీ ముందు కనపడేలా రాసే పద్ధతి ఒకటుంది, దాన్ని ఎస్‌ఈవో అంటారు. ఆన్‌లైన్ క్లాసులో అరకొరగా నేర్చుకుని, పాత ఉత్తరాలన్నీ వెబ్‌సైట్లో పెట్టి, వాక్యానికోసారి తెనాలి మొక్కలు, బాపట్ల మొక్కలు, రేపల్లె మొక్కలు అని కూరాను. పిన్నిగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివారు. "ఏంటమ్మాయ్ ఇది, స్టాండులో మైకులాగా? మైకు అరుస్తానే ఉండేది, జనం నా దగ్గరికే వచ్చి అడిగేవాళ్లు" అన్నారు. నాకు ఒళ్లు మండింది కానీ మాట నిజం.

"బస్సు బయలుదేరు సమయం ఎంత అని నన్ను ఒక్కళ్లూ అడగలేదు. రేపల్లె బండి పోయిందాండి అని అడిగేవాళ్లు. నీ దగ్గరికొచ్చేవాళ్లూ అంతే" అని నా పక్కన కుర్చీ వేసుకున్నారు. 'నిమ్మలో పూత రాలుట, నివారణ' అని నేను ఎంతో మురిసిపోయి పెట్టుకున్న శీర్షికను కొట్టేయించారు. 'నిమ్మ పూత మొత్తం రాలిపోతుంది, ఏం చేయాలి?' అని రాయించారు. దాని కింద రెండు వాక్యాల్లో జవాబు. కథలూ కబుర్లూ ఆ తర్వాతే. పేజీ తెరవగానే ఈమెయిల్ చిరునామా అడిగే పెట్టె చూసి మాత్రం నవ్వేశారు. "పేరూ ఊరూ రాయించుకుంటేగానీ బండి సంగతి చెప్పవా? ముందు చెప్పు. నమ్మకం కుదిరితే వాళ్లే నీ దగ్గర కూర్చుంటారు." ఆ పెట్టెను పేజీ చివరికి దించాను.

జనం ఒక్కొక్కరే వచ్చి చేరడం మొదలైంది. అది చూసి నాకు ఆశ పుట్టింది. 'పది రోజుల్లో కుండీలో నిమ్మకాయలు' అని ఒకటి రాశాను. నేనెప్పుడూ కాయించి చూసింది లేదు, ఎక్కడో చదివింది. వెతికేవాళ్లు విరగబడి వచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. రేపల్లె నుంచి ఒకామె రాసింది: "మీరు చెప్పినట్టే ఎరువు వేశామండి, మా అమ్మ పెంచుకున్న చెట్టు మాడిపోయింది."

ఆమె రాసింది పిన్నిగారికి చూపించాను. మూడోనాడు ఆవిడే వచ్చి కూర్చున్నారు. "ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వేరే ఊళ్లో, ఒకావిడ ఆఖరి బండి ఉందాండి అని అడిగింది. చూడకుండా ఉంది కూర్చోండి అన్నాను. అది అప్పటికే పోయింది. వాళ్లమ్మకు బాగోలేదంట. నన్నొక్క మాట కూడా అనలేదమ్మాయ్, బెంచీ మీద అట్టాగే కూర్చుంది. తిట్టినా బాగుండేది" అన్నారు. అప్పటినుంచి ఎవరేం అడిగినా లేచి ప్లాట్‌ఫాం దాకా వెళ్లి చూసొచ్చి చెప్పేవారట. ఇంట్లో కూడా అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, తానే వండిన కూరను మళ్లీ రుచి చూసిగానీ జవాబిచ్చేవారు కాదు. నేను ఇన్నాళ్లూ దాన్ని చాదస్తం అనుకున్నాను. ఆ రోజే ఆ పేజీ తీసేసి, మిగిలినవాళ్లందరికీ క్షమాపణ రాశాను. రేపల్లె ఆమెకు కొత్త మొక్క ఇద్దామని నేనూ పిన్నిగారూ కలిసే వెళ్లాం. నా కుండీలో చూడనిది మీకు రాయకపోవడం అప్పటినుంచే. మీరు నిదానంగా వచ్చారు, ఉండిపోయారు. దరఖాస్తు పంపే అవసరం నాకు రాలేదు.

పిన్నిగారి సొంతూరు రేపల్లెలో సమాధి కార్యక్రమం అయ్యాక కూతురు ఆవిడ ఫోను, ఇంటి తాళం నా చేతిలో పెట్టింది. "అమ్మ ఫోనుకొచ్చే శనివారం ఉత్తరాలు ఆపాలంటే ఏం చేయాలక్కా?" అంది. ఫోను తెరిచి చూస్తుంటే నెట్‌లో ఆవిడ పాత వెతుకులాటలు కనపడ్డాయి. టైపు చేయకుండా ఫోనుకు నోటితో చెప్పి వెతికేవారు, అన్న మాట అన్నట్టే ఉంది. 'కరివేపాకు చిగురు ముడుచుకుపోతుందండి.' 'గులాబీకి పురుగు పట్టిందండి.' మిషన్‌తో కూడా అండి అనే మర్యాదగా మాట్లాడారు. అవన్నీ నేను రాసిన సంగతులే. నా పేజీ కనపడుతుందో లేదోనని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిలా వెతికి చూసుకునేవారన్నమాట, నాతో ఒక్కసారైనా అనకుండా. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అన్నిటికంటే పైన ఉన్నది, బాపట్ల వెళ్లాక అడిగింది. 'ఇరవై రోజులు నీళ్లు పోయకపోతే మల్లె బతుకుద్దాండి.' దానికి నా దగ్గర పేజీ లేదు. నాకు ఫోను చేసి అడగడానికి ఏం మొహమాటపడ్డారో తెలియదు.

తెనాలి వచ్చి ఆవిడ వాటా తాళం తీశాను. వెనక వసారాలో నీడన చిన్న మల్లె కుండీ. ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగిలాయి. ఒక కొమ్మను గోటితో గీరాను. లోపల పచ్చగా ఉంది. "బతుకుద్దండి పిన్నిగారూ" అన్నాను పైకే. చెంబుతో నీళ్లు పోస్తే ఎండిన మట్టి బుడగలు వదులుతూ చాలాసేపు తాగింది.