దేవుడు చెయ్యని చదును

మా మేనల్లుడు పోయాడు. పలాస స్టేషనులో తంతి అందుకున్న మనిషి ఎండలో నడిచొచ్చి ఈ మాట చెప్పేసరికి నేను తోటలో కొబ్బరికాయలు వలిపిస్తున్నాను. జ్వరం తగిలిందట, మనిషిని తీసుకునే పోయిందట. కబురు తెచ్చినవాడికి మజ్జిగ ఇప్పించి పంపేశాను. కాయలు వలిచేవాళ్లను ఆపమనలేదు. ఏం చెప్పి ఆపాలో నాకు తెలియలేదు.

నేను చదువుకున్నవాణ్ని కాను. ఉద్దానం ఇసకలో వేలు పెట్టి దిద్దిన అక్షరాలే నాకు వచ్చినవి. ఒకరి ముందు తల వంచడం నాకు చేతకాదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. కరణం ముందు వంచలేదు, అమీను ముందు వంచలేదు. వంచింది ఒక్కడి ముందు. వాడు నా భుజాల మీద పెరిగినవాడు. అందుకని వాడి గురించి నేనే రాయాలని కూర్చున్నాను. రాసిన తీరు బాగోకపోతే చదివేవాళ్లే సర్దుకోవాలి.

వాడు మా అప్ప కొడుకు. వాడు పాలు తాగే వయసులోనే మా బావ పోతే, అప్ప బిడ్డనెత్తుకుని మా ఇంటికి వచ్చేసింది. వజ్రపుకొత్తూరు పక్కన మా ఊరు. తోటలూ, కాస్త వరి పొలమూ ఉన్నాయి, తిండికి లోటు లేదు. వాడికి మాత్రం తోట పట్టలేదు, పుస్తకం పట్టింది. టెక్కలిలో చదివాడు, పర్లాకిమిడిలో చదివాడు. ఆ తర్వాత చెన్నపట్నంలో ఇంజనీరు చదువుకి సీటొచ్చింది. ఇంజనీరంటే గుర్రం మీద వచ్చి కాలవ గట్టు చూసి పోయే దొర అని మా వాళ్ల లెక్క. వీడు కాలవలూ వంతెనలూ వద్దని యంత్రాల చదువు కోరుకున్నాడు. ఎందుకురా అంటే, "వంతెన కదల్దు మావా. నాకు కదిలీది గావాల," అన్నాడు.

మొదటి ఏడాది సెలవులకి వచ్చినప్పుడు గొట్టంలా చుట్టిన కాగితం ఒకటి తెచ్చాడు. అరుగు మీద పరిచి, గాలికి లేవకుండా మూలమూలనా కొబ్బరికాయ పెట్టాడు. నీళ్లు తోడే పంపు బొమ్మట. నేను వంగకుండా నిలబడే చూశాను. యంత్రం పైనుంచి కింద దాకా రెండు చెక్కలై ఉంది. లోపలి పేగులన్నీ బయటపడి ఉన్నాయి.

"ఓరి, కాలేజీవోల్ల యంత్రం ఇరగ్గొట్టీసినావేట్రా?"

ఇంకొకడైతే పగలబడి నవ్వేవాడు. వాడు నవ్వలేదు. బొమ్మ మీది కాయనే ఒకటి తీసి, కత్తితో నిలువునా కొట్టి, చెక్క నా చేతిలో పెట్టాడు.

"పైన పీసు, లోన సిప్ప, దాని లోన కొబ్బరి. కొట్టక ముందు ఇయ్యన్నీ నీకు తెలుసా నేదా మావా?"

"తెలీకేటి. పుట్టిన కాణ్నుంచీ ఇదే పని గదా."

"అదే మరి. కొట్టకండానే కొట్టినట్టు గియ్యడం మా సదువు. ఇంకా పుట్టని యంత్రాన్ని గూడా ముందు ఇలగే కోసి సూసుకోవాల."

పుట్టని కాయని కోసి చూడడం! అన్నం దగ్గర కూర్చున్నా నాకు అదే తలపు. మా అప్ప రెండుసార్లు పులుసు పోసిందట, నాకు తెలియనే లేదు.

మరుసటి ఏడు సెలవులకి మాత్రం మొహం వేలాడేసుకుని దిగాడు. సంచిలోంచి అరచెయ్యంత ఇనప ముక్కలు రెండూ, ఒక ఆకురాయీ తీసి నా ముందు పెట్టాడు.

"లెక్కల్లో ముందున్నాను మావా, గీతల్లో ముందున్నాను. సేతిపనిలో పోనాను."

సంగతి ఇది. ఆ చదువులో పుస్తకం ఒక్కటే కాదు, కొలిమి దగ్గరా నిలబడాలి, ఇనుమూ రాయాలి. ఇనప ముక్క మొహాన్ని ఆకురాయితో రాసి చదును చేస్తే, దొర దాని మీద ఉక్కు బద్ద నిలబెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తాడట. సందులోంచి వెలుగు దూరిందా, తప్పినట్టే. వీడి ముక్కలో దూరింది. సెలవులయ్యాక ఇంకొక్కసారి చూస్తాం, అప్పుడూ దూరితే ఇంటికి పొమ్మన్నారట.

అప్ప గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఇనుము రాయడానికేనేట్రా అంత దూరం పంపినాం? రైతు బిడ్డవి నాయనా, ఆకురాయి నీకెందుకు? మానీ. ఈ ఏడుకి పొలంలో దిగీ. నా కల్ల ముందుంటావు."

ఆ ఆఖరి మాటే అసలు మాట. నాకు తెలుసు.

"అప్పా, నువ్వూరుకో. ఆడు మొదలెట్టినాడు, ఆడే ముగిత్తాడు," అన్నాను. అన్నానే గానీ ఎలా ముగిస్తాడో నాకూ తెలియదు.

వాడు దొడ్లో ఉన్న చింత మొద్దుకి గంటు కొట్టి, ముక్కని అందులో దించి చీలలు బిగించాడు. నా పెళ్లికి వచ్చిన అద్దాన్ని గోడ మీంచి దింపమన్నాడు. దింపాను. దాన్ని ఇసక మీద కదలకుండా పరిచి, అప్ప కాటుక బరిణె తెచ్చి, కాస్త కాటుకని కొబ్బరి నూనెలో రంగరించి, అద్దం మీద పలచగా పూశాడు. దాని మీద ఇనప ముక్కని బోర్లించి మెల్లగా తిప్పాడు. ఎత్తి చూపిస్తే రెండు మూలల్లోనే నలుపు అంటింది. తక్కినదంతా తెల్లగా ఉంది.

"నలుపున్న కాడ ఎత్తు మావా. అక్కడే గీకాల. అంతా గీకితే ఎప్పుడూ ఇంతే."

నలుపున్న చోట గీకాడు. మళ్లీ పూశాడు, మళ్లీ తిప్పాడు. ఇక ఆ సెలవంతా అదే పని. పొద్దు పొడిచిందంటే దొడ్లో ఆకురాయి చప్పుడు. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, కాయలు కాశాయి. వాడి చేతికి అప్ప నూనె రాస్తూ ఏడ్చేది. ఇనుము వైపు మాత్రం చూసేది కాదు.

జలంత్రకోట నుంచి నా భార్య అన్న వచ్చాడు. నోటి దురుసు మనిషి. దొడ్లోకి తొంగి చూసి నా వైపు తిరిగాడు.

"బావా, మీ అల్లుడు ఇనుముకి కాటిక ఎడతన్నాడేటి? పెల్లిసూపులా?"

"అవును బావా. సంబందం కుదిరితే సెప్తాను, సన్నాయి ఊదుదువు గాని," అన్నాను.

మేనల్లుడు తల ఎత్తకుండానే అన్నాడు. "కన్ను అబద్దం సెప్తాది మావా. కాటిక సెప్పదు."

నాకు ఉక్రోషం వచ్చింది. చదునంటే నాకు తెలియదా? మా కళ్లం అలికితే పోసిన నీళ్లు ఎటు పోవాలో తెలియక నిలబడిపోతాయని పేరు. ఆ మాటే అన్నాను. వాడు నన్ను కళ్లంలోకి తీసుకెళ్లి, చెన్నపట్నం నుంచి తెచ్చుకున్న ఉక్కు బద్దని అలికిన నేల మీద నిలబెట్టాడు. కింద చీమ దూరేంత సందు.

"పోనీలే. సముద్రమో?" అన్నాను. "గాలి నేనప్పుడు సూడు, బల్లలా ఉంటాది."

"పడవలు ఒత్తన్నప్పుడు ముందు ఏటి కనిపిత్తాది మావా?"

"తెరసాప."

"ఒల్లు?"

"తరవాత."

"బల్లలాగుంటే రెండూ ఒక్క పాలే కనిపించాల గదా. అదీ వొంపే."

నేను పుట్టినప్పటి నుంచీ ఆ ఒడ్డున నిలబడి పడవలు చూస్తున్నవాణ్ని. తెరచాప ముందూ, ఒళ్లు తర్వాతా రావడం నా రెండు కళ్లతో చూసినవాణ్ని. చూశాను, అంతే. వాడు ఒక్క మాటతో నా సముద్రాన్ని వంచేశాడు.

"మరైతే ఈ లోకంలో సదునైంది ఏదిరా?"

"నేదు మావా. దేవుడు సెయ్యనేదు. మడిసే సెయ్యాల."

మా వెనకే వచ్చిన అప్ప విని లెంపలేసుకుంది. నేను మాత్రం వేసుకోలేదు. దేవుడు వదిలేసిన పనిని మా దొడ్లో, చింత మొద్దు మీద, నేను ఎత్తుకుని తిప్పిన గుంటడు చేస్తున్నాడు. ఆ తర్వాత వాడు పనిలో ఉండగా నేను అటు చెప్పులతో నడవలేదు.

సెలవులు ముగిసే వేళకి పని కుదిరింది. రెండు ముక్కల మొహాలకూ కాటుక అంతటా సమంగా అంటుతోంది, చుక్కలు చల్లినట్టు. సోమవారం ప్రయాణం. శుక్రవారం పొద్దున్న వాడూ నేనూ టెక్కలి వెళ్లి, చీకటి పడ్డాక వచ్చాం. శనివారం దొడ్లోకి వెళ్లి చూస్తే మొద్దు మీద ముక్కలు లేవు. దేవుడి గూట్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇనుము మొహం చూడని మా అప్ప, శుభ్రంగా నీళ్లతో కడిగి, పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, దీపం ముందు పెట్టింది. మా ఇళ్లలో మంచి వస్తువుకి అదే మర్యాద. కానీ సముద్రం గాలి, తడి పసుపు. రాత్రికి రాత్రి ఎర్రగా తుప్పు ఎక్కేసింది.

నేను నోరు చేసుకోబోయాను. అప్ప మొహం పాలిపోయింది.

"నా బిడ్డ ఇన్నాల్లు దానికోసం ఒంగినాడు. నానొక్క పాలి దండం ఎట్టుకోకూడదేటి?"

వాడు ఆ తుప్పు మీద బొటనవేలు పెట్టి రాశాడు. వేలికి అంటిన ఎరుపుని వెలుగులో పెట్టి చూశాడు. ఆ ఘడియలో వాడి చదువు పోయిందనే అనుకున్నాను. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"బాగుందే అమ్మా. బొట్టు ఎట్టినావు గదా, ఇంక దిష్టి తగల్దు."

ముక్కలు చేతిలోకి తీసుకుని బయటికి నడుస్తూ నాతో అన్నాడు. "ఇనుముకి తుప్పట్టింది గానీ, సేతికి పట్టనేదు మావా."

మొద్దు ముందు కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఈసారి చెయ్యి వెతుక్కోలేదు. ఎక్కడ ఎత్తుందో కాటుక కంటే ముందు వేలికే తెలుస్తున్నట్టు పోయింది. సెలవంతా పట్టిన పని బండి కట్టేలోపల తెమిలింది. ఒక ముక్క మధ్యలో, బొట్టు పెట్టిన చోట, ఆవగింజంత గొయ్యి మిగిలింది. అదీ గీకెయ్యరా అన్నాను.

"అది గొయ్యి మావా, ఎత్తు కాదు. గొయ్యి వల్ల నష్టం నేదు. ఎత్తే అడ్డం."

అప్పుడొక పని చేశాడు. ఒక చుక్క కొబ్బరి నూనె వేసి, ఒక ముక్క మీదికి రెండోదాన్ని జరిపి, పై ముక్కని పట్టుకుని ఎత్తాడు. కింది ముక్క దానితో పాటు లేచింది. కట్టు లేదు, మేకు లేదు. గాలిలో వేలాడుతోంది.

"మంత్రమేట్రా?" అంది అప్ప.

"కాదే అమ్మా. మజ్జిన గాలికి సోటు నేదు."

బండి ఎక్కించడానికి వచ్చిన మా జలంత్రకోట బావ, ఇటివ్వరా అని లాక్కుని విడదియ్యబోయాడు. మెడ నరాలు తేలాయి గానీ ముక్కలు రాలేదు. మేనల్లుడు వేలితో పక్కకి జరిపాడు, వెన్నలా వచ్చేసింది.

"లాగితే రావు. జరపాల."

బావ తానూ ఒకసారి జరిపి చూసుకున్నాడు. నేను ఉక్కు బద్ద అడిగి తీసుకుని ముక్క మీద నిలబెట్టాను. కింద వెలుగుందో లేదో చూడాలంటే నిలబడి కుదరదు. కన్ను ఆ గీతకి దించాలి. తల వంచాను. ఒక కన్ను మూసి చూశాను. వెలుగు లేదు.

ఆ రెండు ముక్కలూ తల్లి దగ్గరే వదిలి వెళ్లాడు. పరీక్ష అక్కడ ఇచ్చిన కొత్త ఇనుము మీదనని నాకు తర్వాత తెలిసింది. దొర బద్ద పెట్టి కిటికీ దగ్గర చాలాసేపు చూసి, ఎక్కడ సాధన చేశావని అడిగాడట. మా ఊళ్లో, మా అమ్మ కాటుకతో అన్నాడట వీడు. దొర బద్ద వాడి చేతికిచ్చి, తక్కినవాళ్లవి నువ్వు చూడు అన్నాడట. డిగ్రీ పుచ్చుకుని, జూటు మిల్లులో ఇంజనీరయ్యాడు.

పెద్దవాడయ్యాక కూడా ఊరొస్తే ముందు దొడ్లోకే వెళ్లేవాడు. అరుగు అంచు, తలుపు చెక్క, కంచం, ఏది దొరికినా బొటనవేలు రాసి చూసేవాడు. "ఇనుము మీద రోజూ కోపం తెచ్చుకునీవోడు మడుసుల మీద తెచ్చుకోడు మావా, ఓపిక అయిపోతాది," అనేవాడు. మిల్లులో వాడు కేక వెయ్యగా ఎవరూ వినలేదని, దినాలకి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు చెప్పారు. చెబుతూ వాళ్లు ఏడుస్తుంటే నేను చూడలేక బయట నిలబడ్డాను.

నిన్న ఇంటికి చేరాం. అప్ప కాళ్లు కడుక్కుని, పెట్టెలోంచి గుడ్డమూట తీసింది. ఆ ముక్కలకి ప్రతి శుక్రవారం నూనె రాస్తుంది, పసుపు మాత్రం ముట్టించదు. మసక కళ్లతో వేలు ఆడించి ఆ ఆవగింజంత గొయ్యి వెతుక్కుంది. ఒక చుక్క నూనె వేసి, ఒకదాని మీదికి ఒకటి జరిపి, పై ముక్క పట్టుకుని ఎత్తింది. కిందిది లేచింది. అలాగే పట్టుకుని నిలబడింది.

"దించీ అప్పా. సెయ్యి నొప్పెడతాది."

"ఉండ్రా."

దించలేదు. కిటికీలోంచి పడమటి ఎండ దాని మీద పడుతోంది. నేను తల వంచి, ఒక కన్ను మూసి, ఆ రెండింటి మధ్యా చూశాను. వెలుగు దూరడం లేదు.