విచ్చుకోని కంటిపాప

గద్వాలలోని ఒక కంటి దవాఖానలో కృప పని చుక్కలు వేయడం. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అంతకుముందు సీడు పత్తి చేలల్లో ఎండకు నిలబడి పూలకు పుప్పొడి అంటించేది. ఇది నీడపట్టున చేసే పని కదా అని చేరింది.

శుక్లం తీయాలంటే ముందు కంటిపాప బాగా విచ్చుకోవాలి. పాప చిన్నగా ఉంటే వెనకున్న శుక్లం డాక్టరుకు అందదు. అందుకే పొద్దున ఏడింటి నుంచి బెంచీల మీద వరసగా కూర్చున్నవాళ్ల కింది రెప్ప లాగి ఒక్కో చుక్క వేస్తూ పోతుంది. చివరి మనిషి దాకా వచ్చేసరికి పావుగంట. మళ్లీ మొదటి నుంచి. మూడు నాలుగు విడతలయ్యాక టార్చి వేసి చూస్తుంది.

"కండ్లు మూస్కోండ్రి. నలుపుకోవద్దు."

రోజుకు ఎన్నిసార్లు ఈ మాట అంటుందో ఆమెకే తెలియదు. సాయంత్రం షేర్ ఆటోలో ధరూర్‌లోని ఇల్లు చేరాక కూతురు మనీషా ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి నోరు రాదు.

ఆ రోజు గట్టు అనే ఊరి నుంచి తిమ్మప్ప వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. వెంట కోడలు జోగులమ్మ. పాప విచ్చుకోలేదని అంతకుముందు రెండుసార్లు తిప్పి పంపారు. ఇప్పుడూ నాలుగు విడతలయ్యాయి. టార్చి వేస్తే పాప జొన్నగింజంతే ఉంది. డాక్టరు చంద్రశేఖర్ వచ్చి చూశాడు.

"ఇంకోసారి వేసి చూడమ్మా. కాకుంటే ఇయ్యాల గూడ పంపిద్దాం" అని లోపలికి వెళ్లాడు.

"మల్ల వాపస్ పంపుతరా బిడ్డా?" అన్నాడు తిమ్మప్ప.

కాళ్లు లాగుతుంటే కృప అతని పక్కనే బెంచీ మీద కూలబడింది. పొద్దున్నుంచి ఈ ముసలాయన బాత్రూముకు నాలుగైదుసార్లు లేచి వెళ్లడం, ప్రతిసారీ తాను చుక్కల సీసా పట్టుకుని ఎదురుచూడటం గుర్తొచ్చింది. అప్పుడు విసుక్కుంది కూడా. ఇప్పుడు, వేరే మందేదైనా చుక్కల్ని పనిచేయనివ్వడం లేదేమో అనిపించింది.

"ఏం గోలీలు వేస్కుంటవు పెద్దయ్యా?"

"బీపీది ఒక్కటే" అంటూ అతను కోడలు కూర్చున్న వైపు ముఖం తిప్పాడు.

కృప జోగులమ్మను మంచినీళ్లు పట్టుకురమ్మని పంపింది. ఆమె అటు పోగానే గొంతు తగ్గించి, "ఒంటికి పోతే సాఫ్‌గ వస్తదా?" అని అడిగింది.

అతను కోడలు పోయిన వైపు ఓసారి చూశాడు. "రాదమ్మా. రాయచూర్ల డాక్టర్ గోలీలిచ్చిండు. రెండేండ్ల సంది వేస్కుంటున్న. కోడలి ముంగట గిదెట్ల చెప్త?"

బనీను జేబులోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాడు. కృప దాన్ని తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది.

చంద్రశేఖర్ పేరు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది వేస్కునేటోళ్లకు పాప సరిగ్గ విచ్చుకోదు. ఆపరేషన్ నడుమ చుట్టూ ఉన్న పొర పేలిక లెక్క వదులైతది. తెల్వకుండ మొదలువెడితే కన్నుకే ముప్పు."

"గోలీ ఆపి మల్ల రమ్మందామా సార్?"

"ఆపినా పెద్దగ ఫాయిదా ఉండదు. కన్ను లోపలికే మందు ఎక్కిస్త. సన్న కొక్కేలతోని పాపను పట్టి ఉంచుత. అందరి తర్వాత తీస్కుందాం."

పావుగంట ఆపరేషన్ ముక్కాలు గంట పట్టింది. కృప భోజనానికి వెళ్లలేదు. ఆకలి చచ్చిపోయింది. బయట బెంచీ మీద జోగులమ్మ పక్కన ఊరికే కూర్చుంది.

మర్నాడు కట్టు విప్పాక తిమ్మప్ప ముందు తన గోళ్లు చూసుకున్నాడు. తర్వాత కోడలి ముఖంలోకి చూశాడు.

"గింత బక్కగైనవేందమ్మా" అన్నాడు. జోగులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అప్పటి నుంచి చుక్కలు మొదలుపెట్టే ముందు మగవాళ్లందరినీ ఒంటేలు సంగతి కృప అడగాల్సి వస్తోంది. ఉన్న పనికి ఇదొకటి తోడైంది. కొందరు కోప్పడతారు. కొందరు వినపడనట్టు గోడవైపు చూస్తారు. ఒకాయన అయితే, "ఆడమనిషివి, గిదేం అడుగుడు?" అని లేచి వెళ్లిపోయాడు. ఆమెకు బాధ కూడా కలగలేదు. పక్కవాళ్ల దగ్గరికి జరిగింది.

రెండు నెలలకు తిమ్మప్ప రెండో కన్నుకు వచ్చాడు. కృప బెంచీల చివర ఖాజా మియా అనే బట్టల వ్యాపారిని అడుగుతోంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇదంతా వింటున్న తిమ్మప్ప ఇవతలి బెంచీ మీది నుంచే గట్టిగా అన్నాడు: "నేను వేస్కుంట బిడ్డా, ఒంటేలు గోలీలు. రాసుకో. దాన్ల సిగ్గేముంది?"

హాలంతా నవ్వింది. కోడలు తలవంచుకుని నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక ఖాజా మియా గడ్డం సవరించుకుంటూ, "జర ఇటు రామ్మా. నేను గూడ వేస్కుంట" అన్నాడు.

కృప ఆయన కాగితం మీద రాసుకుని, డాక్టరుకు చెప్పడానికి వెళ్లింది.