కొంగున కట్టిన తాళంచెవి

లాక్‌డౌన్ ఎత్తేసి నర్సరీలు మళ్లీ తెరిచిన వారంలో, జగ్గయ్యపేటలో ఒక మల్లె మొక్క కొనుక్కుని నందిగామ బస్సెక్కాను. పక్క వరసలో కూర్చున్న పెద్దావిడ నా ఒళ్లోని మొక్కనే చూస్తోంది.

"హైవే పక్క నర్సరీలోదేనా అండీ?"

అవునన్నాను. ఆవిడ మాస్కు కాస్త కిందికి లాగింది.

"నేనక్కడే పనిచేస్తానండి. లాక్‌డౌన్‌కి ఓనరుగారు వాళ్ల ఊళ్లో ఇరుక్కుపోయారు. మొక్కలు పోతే పోయాయిలేమ్మా, ఎండలో నువ్వు వెళ్లకు అన్నారు ఫోన్లో. నాకు మనసొప్పలేదండి. గేటుకి తాళం కదా, రోజూ కంచె కింద దూరి, చేతిపంపు కొట్టుకుని బిందెలతో నీళ్లు పోశా. పోలీసులు ఆపితే బిందె చూపించేదాన్ని."

"మరి ఓనరుగారు ఏమన్నారు?"

"మొన్నొచ్చి గేటు తీశారండి. అంతా పచ్చగా ఉండేసరికి ఒక్కో వరసా ఆగి ఆగి చూసుకున్నారు."

ఆవిడ కొంగు ముడి విప్పి తాళంచెవి చూపించింది.

"ఇంక ఇది నా దగ్గరే ఉంచమన్నారండి."

మళ్లీ ముడి వేసుకుని నిటారుగా కూర్చుంది. కాసేపటికి ఏదో అడ్డరోడ్డు దగ్గర దిగడానికి లేచింది. నేనూ లేచి నిలబడ్డాను.

"నందిగామ ఇంకా రాలేదండి, కూర్చోండి" అన్నాడు కండక్టరు.

"తెలుసండి" అన్నాను. ఆవిడ దిగేదాకా నిలబడే ఉన్నాను.