బాతు కాలి కడియం

మొన్న పొద్దున మా శిష్యురాలు తన ఫోనులో ఒక చుక్కను చూపించింది. మంచుకొండలు దాటి మన ఎల్లారెడ్డి వైపు చెరువులకు దిగుతున్న బాతు వీపు మీది యంత్రం పంపే గుర్తట అది. ముచ్చటేసింది. పక్షుల వెంట లడఖ్ దాకా తిరిగిన నాకు, ఆ చుక్కను చూడగానే మాత్రం లింగంపేటలో మా మేనత్త ఇంటి అరుగు గుర్తుకొచ్చింది.

అవి ఎనభైల తొలినాళ్లు. కామారెడ్డి నుంచి బస్సులో వచ్చి, మెడలో దుర్భిణితో చెరువు గట్లు పట్టుకు తిరిగే ఆడపిల్లను చూసి జనం ముక్కున వేలేసుకునేవారు. చలికాలం వచ్చే బాతులను వలలో పట్టి, కాలికి నంబరు వేసిన చిన్న కడియం తొడిగి వదిలేయడం నా పని. వెళ్లిన బాతే మరుసటేడు మళ్లీ మన చెరువుకే వస్తుందా అన్నది నాకు ఆ పని ఇచ్చిన మా సారు తేల్చాలనుకున్న సంగతి. రెండు చలికాలాలు గడుస్తున్నా ఒక్క కడియమూ మా చేతికి తిరిగి రాలేదు. ఈసారీ రాకపోతే ఇక్కడి పని ఆపేస్తామని, వేరే కొలువు చూసుకొమ్మని సారు మెత్తగానే చెప్పారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తప్పు నాదేనంటే నవ్వుతారు. ఊరూరా వేయించిన డప్పు చాటింపు నేను రాసిచ్చిందే. బాతును చంపితే కేసవుతుందనీ, కాలి కడియం దొరికితే తెచ్చివ్వమనీ రెండూ ఒక్క గుక్కలో చెప్పించాను. అంత తెలివిగా బెదిరించాక ఎవరు తెచ్చిస్తారు?

ఆ దిగులుతో మేనత్త ఇంటికి వెళ్లి, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూలబడి, ఆకులు కత్తిరిస్తూ, చాటింపు రాసింది నేనేనని, ఎవరి మీదా కేసు పెట్టడం నా పని కాదని, నా కొలువే పోయేలా ఉందని అంతా వెళ్లగక్కాను. అది విని పక్కింటి అవ్వ నా వైపు జరిగింది. ఒళ్లోని మనుమరాలి గౌను కొంచెం పైకెత్తింది. మొలతాడుకు మా కడియం!

"మొన్ననే మా పెద్దోని ఉచ్చుల పడ్డది బిడ్డా. దిష్టి తాకకుండ పోరికి కట్టిన. కేసైతదంటిరి గద, ఎట్ల తెస్త?"

నోటుబుక్కు తిరగేశాను. నిరుడు నేను తొడిగిన నంబరే. మంచుకొండలన్నీ దాటి వెళ్లి, మళ్లీ ఇక్కడికే వచ్చిందని చెబితే అవ్వ పిల్ల తల నిమిరింది.

"పిట్టకు గూడ జాగ యాదికుంటదా! అయితే దీన్ని నేనియ్య. నా పోరి గూడ ఎంత దూరం పోయినా మళ్లొస్తది."

నంబరు రాసుకొని కడియం అక్కడే వదిలేశాను. సారు కోప్పడి, ఆపై నవ్వి, పని సాగనిచ్చారు. చాటింపులో కేసు మాట తీయించాక, ఇండ్లలో దాగిన కడియాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నా బతుకుదారి ఆ అరుగు మీదే మొదలైంది.

ఇప్పటి పిల్లల పని చూస్తే గర్వమే. బాతు ఎక్కడ దిగిందో తెలుసుకోవడానికి ఎవరి అరుగు మీదా కూర్చోనక్కరలేదు, ఎవరినీ బతిమాలనక్కరలేదు. అదే నాకు కొంచెం వెలితిగా తోచింది. చుక్క ఆగిన ఊరికి ఒకసారి వెళ్లి రమ్మని శిష్యురాలికి చెప్పాను. ఆ ఊళ్లో ఎవరో ఒక అవ్వ మనకన్నా ముందే ఆ బాతును చూసి ఉంటుంది.