బాయిలర్‌కు ఒక నీరు, ఇంటికి ఒక నీరు

మా పిన్ని కాపురానికి వెళ్లిన మూడో రోజునే ఆమె మీద బద్ధకస్తురాలన్న ముద్ర పడింది. బాత్రూంలో కుళాయి కింద తెల్లటి చార కనిపించింది. అత్తగారు దాన్ని కాలి బొటనవేలితో చూపించి, "కడిగావా, కడిగినట్టు నటించావా?" అంది.

ఆ చార పిన్ని పుట్టింటి నుంచి తెచ్చింది కాదు. ఆ ఇంటి బోరు నీళ్లే అంత. గ్లాసు తుడవకుండా బోర్లిస్తే ఆరేసరికి మచ్చలు పడేవి. సబ్బు అరిగేది గాని నురగ వచ్చేది కాదు. నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నం పెంకు కట్టి, గరిటెతో గీకితే పొరలుగా ఊడేది. షవరు కన్నాలు ఒక్కొక్కటే పూడిపోయి చివరికి మూడు ధారలు మిగిలాయి. అవి కూడా మనిషి మీద కాకుండా గోడ మీద పడేవి.

"మీ అమ్మ నీకు తోమడం నేర్పలేదా?" అనేది అత్తగారు. కన్నతల్లికి మాట రాకూడదని పిన్ని తోమింది. నిమ్మచెక్కలతో తోమింది, వెనిగర్‌తో తోమింది, స్టీలు పీచుతో తోమింది. అవేవీ చాలక యాసిడ్‌కు దిగింది. ప్రతి ఆదివారం ముక్కుకు గుడ్డ కట్టుకుని, గొంతుక్కూర్చుని, గోడలూ నేలా గీకేది. బుధవారానికల్లా సున్నం మళ్లీ తెల్లగా పూసేది. కొన్నేళ్లకు ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. ఏదో గుర్తింపు కార్డు కోసం వెళితే అక్కడి మిషను ఆమె వేలిని ఒప్పుకోలేదు.

"నేను నేనేనని నా వేలే సాక్ష్యం చెప్పట్లేదే" అని మా దగ్గర నవ్వేసింది.

ఒకసారి బ్లీచింగ్ పొడి చల్లి ఉన్న నేల మీద చూసుకోక యాసిడ్ పోసింది. ఘాటుకు కళ్లు కనపడక, గోడ తడుముకుంటూ బయటికొచ్చి పడిపోయింది. ఆ తర్వాత ఆమె ఒక్క అంతస్తు మెట్లెక్కినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

బాబాయిని అందరూ మంచివాడంటారు. గొంతు పెంచి ఎరగడు. అద్దకం మిల్లులో బాయిలర్ చూసుకుంటాడు. తల్లి సణుగుడు మొదలుపెడితే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఇరవై ఆరేళ్లు అలా గడిచాక, మిల్లులో అతనితో పనిచేసే ఫిట్టరు ఒక రోజు స్టోరు తాళం కోసం ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కోబోతే సబ్బు నురగ రాలేదు.

"ఏంటక్కా, ఇంత గట్టి నీళ్లా? మిల్లులో అన్న రోజూ పొద్దున్నే నీళ్లు సీసాలో పట్టి, చుక్కల మందు వేసి చూస్తాడు. నీలం రంగు తిరిగితేనే సున్నం పోయి మెత్తబడ్డట్టు. అప్పుడు గాని బాయిలర్‌లోకి వదలడు. ఇంటికి నీళ్లు మెత్తబరిచే చిన్న మిషను పెట్టించుకోలేదా?"

పిన్ని తువ్వాలు అందించింది. "ఎన్నాళ్లుగా చూస్తున్నాడు తమ్ముడూ అలా?"

"చేరిన రోజు నుంచీ."

ఆ సాయంత్రం బాబాయి చెప్పులు విప్పుతుండగానే అడిగింది. "ఈ నీళ్ల సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి బాయిలర్‌కు చేసింది ఇంటికి ఎందుకు చెయ్యలేదు?"

"సున్నం పడితే బాయిలర్ పేలిపోద్దే" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"నేను పేలననేగా మీ ధీమా?"

బాబాయి పేపరు తీసుకున్నాడు. మిషను రాలేదు. ఇంకో రెండేళ్లు ఆ గోడలు పిన్నే గీకింది.

తర్వాత కొడుక్కి పెళ్లయింది. కోడలు వచ్చిన పదిహేను రోజులకు దువ్వెన నిండా జుట్టు చూసుకుని భయపడింది. అన్నం దగ్గర బాబాయే ఆ మాట ఎత్తాడు. "పాపం, అమ్మాయికి ఈ నీళ్లు పడట్లేదు. సున్నం ఎక్కువ." నాలుగో రోజుకల్లా మేడ మీద ట్యాంకు పక్కన మిషను నిలబడింది.

నెల తిరిగేసరికి కుళాయిలు మెరిశాయి. వారానికోసారి తుడిస్తే చాలు. ఇప్పటికి ముసలావిడైన అత్తగారు కర్ర పట్టుకుని బాత్రూం అంతా తిరిగి చూసి, హాల్లోకి వచ్చి అంది. "కోడలంటే అలా ఉండాలి. పిల్ల అడుగుపెట్టిన వేళకి ఇల్లు అద్దమైంది."

"నేనేం చెయ్యలేదు నానమ్మగారూ. మిషను పెట్టారంతే. ఇన్నాళ్లూ కష్టపడింది అత్తయ్య" అంది ఆ పిల్ల, ఉన్నమాటే.

"చూశావా, గొప్ప చెప్పుకోదు కూడా" అంది ముసలావిడ.

పిన్ని లేచి గదిలోకి వెళ్లిపోయింది. వెనకాలే బాబాయి వచ్చి, మిషను పనిచెయ్యాలంటే అందులో పదిహేను రోజులకోసారి ఉప్పు పొయ్యాలనీ, మరిచిపోకుండా చూసుకోమనీ చెప్పాడు.

"మిల్లులో మీరే పోస్తారుగా. ఇక్కడా మీరే పొయ్యండి. నేను ఆ మెట్లెక్కలేను."

అప్పటినుంచి బాబాయే పోస్తున్నాడు. పిన్ని చేతులు కొంచెం తేరుకున్నాయి గాని ఆయాసం తగ్గలేదు. ఇక తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు.

మొన్న వెళ్లినప్పుడు అడిగాను, ముసలావిడ మీద ఇంకా కోపం ఉందా అని.

"ఆవిడకేం తెలుసే, నీళ్లలో ఏముందో? తెలీక అంది, పోనీలే అనుకున్నా" అంది పిన్ని. కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మీ బాబాయికి తెలుసు."