అవ్వ మరిచిపోయిన చరణం

మా చరిత్ర సార్ పోయిన సోమవారం మదనపల్లెలో కన్నుమూశారు. ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పగానే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

తొంభైల్లో నేను డిగ్రీ చదివేటప్పుడు సార్ ఆదివారాలు చౌడేపల్లె, గుర్రంకొండ పక్క ఊళ్లు తిరిగి, ముసలమ్మల దగ్గర విసుర్రాయి పాటలు రాసుకొచ్చేవారు. "రాజు ఏమిచ్చినాడో శాసనంలో ఉంటాది. కరువులో ఆడమనిషి ఏం తినిందో ఈ పాటల్లోనే ఉండాది" అనేవారు. పాడేవాళ్లు మరిచిపోయిన చోట ఖాళీ వదిలేవారు. వాటిని శుభ్రంగా తిరగరాసే పని నాది.

ఒక కరువు పాటలో మొగుడు ఇల్లు వదిలి వెళ్లే చోట, పాడుతున్న అవ్వకు చరణం గుర్తురాలేదట. "నోట్లోనే ఉండాది అప్పా, రాలేదు" అని కళ్లు తుడుచుకుందట. ఆ ఖాళీ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. అతను కోలారు గనికి పోయాడని, బియ్యం మూటతో తిరిగొస్తాడని నేనే ఒక చరణం కట్టి అందులో ఇరికించాను. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఆ చరణాన్నే పట్టుకుని, ఈ పాట గనులు తెరిచాక పుట్టిందని సార్ వ్యాసం రాశారు. కుప్పంలో ఒక సభలో చదవాలి. నన్నూ రమ్మన్నారు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు వ్యాసం నా చేతికిచ్చారు. చదువుతూ నా చరణం దగ్గర ఆగిపోయాను.

"సార్, ఈ చరణం అవ్వది కాదు. నేను రాసింది."

ఆయన వ్యాసం నా చేతిలోంచి తీసుకున్నారు. "ఆ యమ్మ పోయిన నెలే పోయింది. ఇంక ఎవుర్ని అడిగేదమ్మా?" అన్నారు.

సభలో లేచి, "నా ఆధారం తప్పు. నేను సరిచూసుకోలేదు" అని చెప్పి వ్యాసం మడిచి కూర్చున్నారు. ఎవరో నవ్వారు. నా పేరు మాత్రం ఆయన నోట రాలేదు. ఆ తర్వాత ఇంకో వ్యాసం రాయలేదు. పాటలు మాత్రం తెచ్చి నాకే ఇచ్చేవారు. క్షమాపణ చెప్పబోతే, "ముందు టీ తాగమ్మా" అనేవారు.

నిన్న ఆయన కూతురు నేను తిరగరాసిన నోటుపుస్తకాలు తెచ్చి ఇచ్చింది. నా చరణాన్ని కొట్టేసి ఉంటారనుకున్నాను. కొట్టేయలేదు. పక్కన పెన్సిలుతో సన్నగా రాశారు: "ఇది పాటలోది కాదు. మా శిష్యురాలిది. ఆకలితో ఉన్న ఇంటికి మనిషి తిరిగి రావాలనుకుంది. దానికి ఇది సాక్ష్యం."

ఆ మాటల మీద చెయ్యి పెట్టాను. ఒక అక్షరం చెదిరి వేలికి నల్లగా అంటింది.